జేన్ ఆడమ్స్: ప్రశ్నించుకుంటూ చేసిన సేవ

సోషల్ వర్కు చదువుతున్నామని చెబితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. పేదవాళ్ళకి సాయం చెయ్యడానికి మంచి మనసుంటే చాలదా, దానికి మళ్ళీ రెండేళ్ళ చదువూ పరీక్షలూ ఫీల్డు వర్కూ ఎందుకని. ఈ ప్రశ్నకి మనలో చాలామంది నసుగుతూ జవాబు చెబుతాము. పద్ధతులున్నాయనీ, సిద్ధాంతాలున్నాయనీ, కేస్ వర్కనీ గ్రూపు వర్కనీ విభాగాలున్నాయనీ చెప్పి తప్పించుకుంటాము. నిజానికి ఆ ప్రశ్న తీసిపారేయవలసినది కాదు. మంచి మనసుండి, తాను చేస్తున్నది సరైనదేనా అని తిరిగి చూసుకునే అలవాటు లేకపోతే ఏమవుతుందో, ఈ వృత్తికి పునాదులు వేసినవారిలో ఒకరైన జేన్ ఆడమ్స్‌కి ఒక చలికాలంలో తెలిసివచ్చింది. అందుకు మూల్యం చెల్లించింది మాత్రం ఆమె కాదు.

అది 1893వ సంవత్సరం. అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి, చికాగో నగరంలో వేలకొద్దీ మనుషులు పనులు పోయి వీధిన పడ్డారు. ఆడమ్స్ నడుపుతున్న హల్ హౌస్‌కి సాయం కోసం ఒక గుమాస్తా వచ్చాడు. సరుకులు రవాణా చేసేచోట పనిచేసినవాడు. బాగా బతికిన రోజుల్లో ఆమెకి తెలిసినవాడే. అప్పటి దానసంస్థలన్నీ పాటించే నియమం ఒకటుండేది. ఎక్కడైనా పని దొరికే అవకాశం వుంటే ముందు ఆ పనికి వెళ్ళి చూడాలి, అది కుదరకపోతేనే సాయం అడగాలి. ఊరి మురుగుకాలువ తవ్వే పని ఒకటి జరుగుతోంది గనుక అక్కడికి వెళ్ళి చూడమని ఆమె చెప్పింది. తాను ఎప్పుడూ గదిలో కూర్చుని పనిచేసినవాణ్ణనీ, చలిలో బయట పని తట్టుకోలేననీ అతడన్నాడు. ఆమె కఠినంగా ఏమీ మాట్లాడలేదు, కాని నియమాన్ని మాత్రం సడలించలేదు. అతడు మళ్ళీ సాయానికి రాలేదు. రెండు రోజులు కాలువ తవ్వాడు, న్యుమోనియా వచ్చింది, వారం తిరిగేసరికి చనిపోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు మిగిలారు.

ఈ సంగతి బయటపెట్టింది శత్రువులెవరో కాదు. 1910లో అచ్చయిన తన హల్ హౌస్ జ్ఞాపకాల పుస్తకంలో ఆమే రాసుకున్నది. ఆ పిల్లలిద్దరి మంచిచెడ్డలు కనుక్కోవడం తాను మానలేదనీ, వాళ్ళని చూసినప్పుడల్లా తన పాఠానికి ఫీజు కట్టింది వాళ్ళేనని గుర్తుకు వస్తుందనీ ఆమె భావం. ఒక మనిషి బతుకంతా తెలుసుకోకుండా అందులో ఒక ముక్కని తీసుకుని దానికి నియమం అతికిస్తే పొరపాటు జరిగితీరుతుందని ఆమె ఆనాడు నేర్చుకున్నది. గమనించవలసిందేమంటే ఆ నియమం మూర్ఖమైనది కాదు. అపాత్రదానం కూడదన్న మాట మన పెద్దలూ అన్నదే. తెలివైనవాళ్ళు కూర్చుని ఆలోచించి పెట్టిన నియమమే. ఆలోచన నియమం పెట్టినవాళ్ళ దగ్గరే ఆగిపోయింది, అమలు చేసేవాళ్ళ దాకా రాలేదు. తేడా అక్కడ వచ్చింది.

జేన్ ఆడమ్స్ 1860 సెప్టెంబరు 6న ఇల్లినాయ్ రాష్ట్రంలో సీడర్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి జాన్ ఆడమ్స్ పిండిమరలున్న సంపన్నుడు, రాష్ట్ర సెనేటులో సభ్యుడు, అబ్రహాం లింకన్‌కి స్నేహితుడు. రెండేళ్ళ వయసులో తల్లి పోయింది. చిన్నతనంలోనే వెన్నెముకకి క్షయ సోకి నడుము కొంచెం వంకర తిరిగింది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు అంత అందమైన తండ్రికి ఇంత వికారమైన కూతురా అని కొత్తవాళ్ళు అనుకుంటారేమోనన్న భయంతో ఆ పిల్ల తండ్రి పక్కన నడవకుండా తండ్రి సోదరుడి పక్కన నడిచేదట. తనని తాను బయటినుంచి చూసుకునే అలవాటు అక్కడే మొదలైందేమో మరి.

రాక్‌ఫర్డు సెమినరీలో చదివి 1881లో క్లాసుకి మొదటిదిగా బయటికి వచ్చింది. ఆ వేసవిలోనే తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. డాక్టరు కావాలని ఫిలడెల్ఫియాలో వైద్యకళాశాలలో చేరింది, నెలలు తిరక్కుండానే ఆరోగ్యం చెడి మానేసింది. ఆ తరవాత ఎనిమిదేళ్ళు ఏమీ తోచని కాలం. చదువుంది, డబ్బుంది, చెయ్యవలసిన పని లేదు. అప్పటి ధనవంతుల ఆడపిల్లల్లాగే యూరపు యాత్రకు వెళ్ళింది.

1883లో లండనులో ఒక శనివారం రాత్రి, యాత్రికులకి పేదల పేట చూపించే బండిమీద కూర్చుని ఈస్ట్ ఎండ్‌కి వెళ్ళింది. కుళ్ళిపోవచ్చిన కూరగాయలు అర్ధరాత్రి వేలం వేస్తున్నారు. గ్యాసుదీపాల వెలుగులో గాలిలోకి లేచిన చేతులు. ఒకడు పాటలో కొన్న క్యాబేజీని కాలిబాట అంచున కూర్చుని కడగకుండా, వండకుండా, పళ్ళతో చీరుకుని తిన్నాడు. ఆ దృశ్యం ఆమె జన్మంతా మరవలేదు. మనకి ముఖ్యమైంది ఆ తరవాత ఆమె మనసులో జరిగిన విషయం. ఆ క్షణంలో ఆమెకి గుర్తుకొచ్చింది ఆకలిగొన్న ఆ మనుషులు కాదు, డిక్విన్సీ అనే ఇంగ్లీషు రచయిత రాసిన ఒక ఘట్టం. ఎదురుగా ప్రాణాలమీదికి వస్తున్నా, కేక పెట్టడానికి ముందు హోమరు కావ్యంలోని ముక్క తలుచుకునేదాకా నోరు పెగలనివాడి కథ అది. తన చదువుకూడా తనని ఇట్లాగే చేసిందని ఆమెకి అనిపించింది. కళ్ళముందు మనిషి పచ్చి ఆకులు తింటుంటే తాను పుస్తకం తలుచుకుంటున్నది. పుస్తకం తప్పని ఆమె అనలేదు. కంటికీ లోకానికీ మధ్య పుస్తకం అడ్డుగా నిలబడుతున్నదని గుర్తించింది. పరీక్షల కోసం నిర్వచనాలు కంఠతా పట్టే మనకి ఈ మాట తగలవలసిన చోటే తగులుతుంది.

1888లో రెండో యాత్ర. మాడ్రిడ్‌లో ఎద్దుల పోరు చూడటానికి వెళ్ళినప్పుడు, వెంట వచ్చినవాళ్ళు ఆ నెత్తురు చూడలేక మధ్యలో లేచిపోయారు. ఆమె మాత్రం రోమను కాలపు చరిత్రవైభవం ఊహించుకుంటూ చివరిదాకా కూర్చుంది. రాత్రికి తనమీద తనకే రోత పుట్టింది. ఎప్పటికైనా పేదలకోసం ఏదో చేస్తాననే పెద్ద కలని అడ్డం పెట్టుకుని ఏమీ చెయ్యకుండా తిరుగుతున్నాననీ, ఆ సన్నాహమే ఒక వలైపోయిందనీ అర్థమైంది. మర్నాడు తన ఆలోచన స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్‌కి చెప్పింది. ఆ వేసవిలో లండను వెళ్ళి టాయిన్బీ హాల్ చూసింది. విశ్వవిద్యాలయాల యువకులు పేదల పేటలో కాపురం పెట్టి పనిచేస్తున్న చోటు అది. 1889 సెప్టెంబరు 18న ఆ స్నేహితురాళ్ళిద్దరూ చికాగోలో హాల్‌స్టెడ్ వీధిలో హల్ అనే ఆయన కట్టించిన పాత బంగళాలో దిగారు.

చుట్టూ ఇటాలియనులు, ఐరిషువాళ్ళు, జర్మనులు, రష్యానుంచీ పోలండునుంచీ పారిపోయి వచ్చిన యూదులు, బొహీమియనులు. తరవాత లెక్క తీస్తే చదరపు మైలులో మూడోవంతు జాగాలో పద్ధెనిమిది జాతులు తేలాయి. ఒకపక్క సారా దుకాణం, ఇంకోపక్క శవపేటికల వ్యాపారి. ఈ ఇద్దరూ మొదట్లో ఏం చేశారో చెబితే నవ్వొస్తుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచి జార్జి ఇలియట్ నవల చదివి వినిపించారు. గోడలకి ఇటలీ చిత్రాల ప్రతులు తగిలించారు. పేదలకి కావలసింది ఏమిటో తమకి తెలుసనే అనుకున్నారు.

మొదటి క్రిస్మస్ వచ్చింది. పిల్లలకి మిఠాయి పంచుతున్నారు. కొందరు ఆడపిల్లలు వద్దన్నారు. మిఠాయి వద్దనే పిల్లలుంటారా? కారణం అడిగితే తెలిసింది. వాళ్ళు మిఠాయి ఫ్యాక్టరీలో పని చేస్తున్నారు. ఆరు వారాలుగా ఉదయం ఏడునుంచి రాత్రి తొమ్మిదిదాకా ఆ వాసనలోనే వున్నారు, ఇంక దాన్ని చూడలేరు. బాలకార్మికుల సంగతి ఆడమ్స్ చేతికి వచ్చింది ఈ దారినే. పుస్తకంలో చదివి కాదు, తాను ప్రేమగా ఇచ్చినదాన్ని ఒక పిల్ల తోసిపుచ్చితే ఎందుకని అడిగినందువల్ల. చిన్నబుచ్చుకుని వూరుకుని వుంటే సంగతి అక్కడితో అయిపోయేది.

1891 చివర్లో ఫ్లారెన్స్ కెల్లీ హల్ హౌస్‌కి వచ్చి చేరింది. ఆమె లెక్కల మనిషి, చట్టం మనిషి. పని తీరే మారిపోయింది. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ దేశంవారో, వారానికి ఎంత సంపాదిస్తున్నారో రాసుకుని రంగులు వేసిన పటాలు తయారుచేశారు. 1895లో అవి పుస్తకంగా వచ్చాయి. ఈనాడు మన విద్యార్థులు బస్తీలో సర్వే చేసి చార్టు గీసి తరగతి గోడకి అంటిస్తారే, దాని ముత్తవ్వ ఈ పటాలే. 1893లో ఇల్లినాయ్ ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టకూడదు, ఆడవాళ్ళకి ఎనిమిది గంటలకి మించి పని వుండకూడదు. కెల్లీయే ప్రధాన ఇన్‌స్పెక్టరు. ఎనిమిది గంటల నిబంధనని 1895లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకో విచిత్రం, పిల్లల పని మాన్పించినందుకు కొందరు తల్లులే హల్ హౌస్‌ని తిట్టారు. ఆ కూలి డబ్బులు లేకపోతే ఇల్లు గడవదు మరి. చట్టం న్యాయమైనదే, తల్లుల కోపమూ న్యాయమైనదే. రెండింటినీ ఒకేసారి మనసులో పట్టుకోవడం ఆమెకి అలవాటవుతూ వచ్చింది.

వంటశాల కథ ఇంకా బాగుంటుంది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకి వండుకునే తీరిక లేదు, పిల్లలు చవకరకం తిళ్ళు తింటున్నారు. సరే, శాస్త్రీయంగా పోషకాలు లెక్కగట్టి, తక్కువ ఖర్చులో వండి అమ్మే వంటశాల ఒకటి పెట్టారు. ఇందుకోసం ఒకామెని పనిగట్టుకుని బోస్టను పంపించి శిక్షణ ఇప్పించారు. లెక్కలన్నీ సరిగ్గానే వున్నాయి. కొనడానికి మాత్రం జనం అనుకున్నంతగా రాలేదు. ఒక పొరుగింటావిడ తేల్చిచెప్పేసింది, ఆ తిండిలో బలం వున్నమాట నిజమేగాని తనకి ఏది తినబుద్ధయితే అది తినడమే ఇష్టమని. ఆకలి రుచి ఎరుగదు అన్న సామెత మనం ఎన్నిసార్లు వాడతామో! పేదవాడికి రుచి వుండదని, వుండకూడదని మనం ఎంత సులువుగా నమ్ముతామో ఈ సామెతని మనం వాడే సందర్భాలే చెబుతాయి. ఇటలీవాళ్ళ నాలుక వేరు, పోలండువాళ్ళ నాలుక వేరు. ఆడమ్స్ బృందం దాన్ని కృతఘ్నత అనలేదు. పక్కనే పెట్టిన కాఫీహోటలు మాత్రం బాగా నడిచింది, జనానికి కూర్చుని మాట్లాడుకునే చోటు కావలసివచ్చింది గనుక.

ఇంకో ఘట్టం వుంది. ఈ జీవితంలో నాకు అన్నింటికంటె పెద్దదిగా కనిపించేది ఇదే. హల్ హౌస్ శిశుశాలలో ఎవరో పసికందుని వదిలిపెట్టి వెళ్ళారు. విచారించారు, తల్లి జాడ దొరకలేదు. ఎంత కాపాడినా బిడ్డ చనిపోయింది. దిక్కులేని శవాలని జిల్లా ఖర్చుతో పూడ్చే ఏర్పాటు వుంది గనుక బండి పిలిపించారు. పదకొండింటికి బండి వస్తుంది. తొమ్మిదింటికల్లా వార్త పేటలో పాకిపోయింది. అయిదారుగురు ఆడవాళ్ళు మండిపడుతూ వచ్చారు. కూటికి లేని ఇళ్ళల్లోంచి చందా ఎత్తి, బిడ్డకి తాము అంత్యక్రియలు చేస్తామన్నారు. రాత్రింబవళ్ళు ఆ బిడ్డకి తాము చేసిన సేవ, పెట్టిన ఖర్చు ఎంతో హల్ హౌస్‌వాళ్ళు చెప్పుకున్నారు. వినిపించుకున్నవాళ్ళు లేరు. బతికున్న బిడ్డకి చెయ్యవలసింది చేశాము, పోయిన తరవాత దుబారా ఎందుకు అన్నది చదువుకున్నవాళ్ళ తర్కం. సర్కారు బండిలో వెళ్ళిన శవం అనాథ శవం, అది బిడ్డకి జరిగిన అవమానం అన్నది పేటవాళ్ళ ధర్మం. మన పల్లెల్లో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. నలుగురు మోసే యోగం లేని చావుని మించిన దురదృష్టం లేదని అప్పుచేసి మరీ కర్మకాండ జరిపించేవాళ్ళని మనం చూస్తూనే వున్నాం. కేస్ షీటులో దాన్ని అనవసర వ్యయం అని రాసేదీ మనమే.

ఆ రోజు తగిలిన దెబ్బ ఆడమ్స్‌కి రాజకీయాల్లో పనికివచ్చింది. ఆ వార్డులో చెత్త గుట్టలుగా పేరుకునేది. కాలిబాటలకి బిగించిన చెక్కపెట్టెలు పొంగి పిల్లలు వాటిమీదే ఆడుకునేవారు. ఒక వేసవిలో రెండు నెలలపాటు హల్ హౌస్ స్త్రీలు సందుసందూ తిరిగి 1,037 ఫిర్యాదులు రుజువులతో ఆరోగ్యశాఖకి పంపారు. 1895లో మేయరు ఆమెనే వార్డు చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమించాడు, జీతం ఏడాదికి వెయ్యి డాలర్లు. ఆవిడగారు తెల్లవారి ఆరింటికి లేచి చెత్తబండ్ల వెనక తిరిగేది. ఒక ఇరుకు సందులో పద్ధెనిమిది అంగుళాల చెత్త కింద రాళ్ళు పరిచిన బాట బయటపడిందట. అక్కడ బాట వుందన్న సంగతి జనం మరిచేపోయారు. ఇంత జరిగినా ఆ చెత్త కంట్రాక్టు వెనకవున్న పాలక సభ్యుడు జానీ పవర్స్‌ని మాత్రం కదిలించలేకపోయారు. 1896లోనూ 1898లోనూ హల్ హౌస్ అతడికి వ్యతిరేకంగా పనిచేసింది. రెండుసార్లూ అతడే గెలిచాడు.

ఓడిపోయినవాళ్ళు సాధారణంగా జనం అజ్ఞానులనీ, అమ్ముడుపోయారనీ అంటారు. ఆడమ్స్ అట్లా అనలేదు. జనం అతడికి ఎందుకు ఓటు వేస్తున్నారని వెతికింది. అతడు చావుకి బండి పంపుతాడు, పెళ్ళికి కానుక ఇస్తాడు, కుర్రవాడు జైలుకు పోతే జామీను నిలబడతాడు, క్రిస్మస్‌కి టన్నులకొద్దీ టర్కీకోళ్ళు పంచుతాడు, ఉద్యోగం వేయిస్తాడు. అంటే పేదవాడు పొరుగువాడికి చేసే ఉపకారాన్నే అతడు పెద్దయెత్తున చేస్తున్నాడు. ఆ సొమ్మంతా ట్రాముల కంపెనీలకి వీధులు అమ్ముకుని తెచ్చిందేననీ, టిక్కెట్టుకొనే ప్రతివాడి జేబులోంచి అది తిరిగి పోతోందనీ జనానికి కనిపించదు. కనిపించేది వాకిట్లోకి వచ్చిన మనిషి. సంస్కర్తలో? నీతులు చెబుతారు, అవసరానికి వాకిట్లోకి రారు. ఇదంతా ఆమె 1898లో వ్యాసంగా అచ్చువేసింది. పవర్స్‌ని సమర్థించలేదు, ఓటర్లని తిట్టలేదు, తనవైపువారినీ వదిలిపెట్టలేదు. మన ఎన్నికల గురించి ఇంత నిదానంగా రాసినవారు ఎందరున్నారో పాఠకులే చెప్పాలి.

మరుసటి ఏడు ఆమె దానసంస్థల తరఫున పేదల ఇళ్ళకి వెళ్ళే యువతుల గురించి రాసింది. అందరూ మంచి కుటుంబాల అమ్మాయిలు. పొదుపు చెయ్యమని చెబుతారు, తాము ఒక్క డాలరూ సంపాదించి ఎరుగరు. సారా దుకాణం మానమంటారు, ఇంటి యజమాని పని పోయిన నెలలో అప్పిచ్చింది ఆ దుకాణంవాడేనన్న సంగతి వాళ్ళకి తెలియదు. ఫ్యాక్టరీ పిల్ల కొత్త టోపీ కొంటే దుబారా అంటారు. లోకం ఆ పిల్లకి విలువ కట్టేది ఆ గుడ్డలు చూసేనని గ్రహించరు. పక్కింటివాళ్ళు తమ రొట్టెలో సగం తుంచి ఇచ్చే పేటలో, విచారణ జరిపి ఆచితూచి ఇచ్చే దయని జనం పిసినారితనం అనుకోవడంలో వింతేముంది? ఈ వ్యాసంలో చిత్రమేమంటే, ఆ యువతుల్ని ఆమె ఎగతాళి చెయ్యలేదు. నిజాయితీగల అమ్మాయి అయితే, సలహా చెప్పడానికి తనకేం హక్కుందన్న సందేహంతో తిరిగి వస్తుందనీ, ఆ సందేహం మంచిదేననీ ఆమె అభిప్రాయం. ఫీల్డు వర్కునుంచి తిరిగివచ్చి, ఇవాళ నాకేమీ అర్థం కాలేదని రిపోర్టులో రాసే ధైర్యం మనలో ఎంతమందికుంది? మార్కులు పోతాయని భయం.

1894లో పుల్‌మన్ రైలుపెట్టెల ఫ్యాక్టరీ సమ్మె వచ్చినప్పుడు ఆమె రాజీకి ప్రయత్నించింది, యజమాని ఒప్పుకోలేదు. కార్మికులకి అందమైన ఊరు కట్టించి ఇచ్చినవాడు, కూలి తగ్గించి అద్దె తగ్గించనివాడు ఆయన. ఆయనని షేక్‌స్పియరు లియర్ రాజుతో పోల్చి ఒక వ్యాసం రాసింది. ఉపకారం చేసి కృతజ్ఞత కోసం కాచుకుని, అది దొరక్కపోతే కోపంతో కుంగిపోయే తండ్రి కథ. అచ్చువెయ్యడానికి సంపాదకులు జంకారు, 1912లోగాని వెలుగు చూడలేదు. ఆ వ్యాసంలో సూది హల్ హౌస్‌కి కూడా తగులుతుంది, ఆమె తగలనిచ్చింది.

ఇంతవరకు చదివి ఈమె తప్పులన్నీ తానే పట్టుకున్న మహాజ్ఞాని అనుకుంటే అదీ పొరపాటే. కొన్ని తప్పులు ఇతరులు పట్టుకోవలసివచ్చింది. 1901లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నీగ్రోలని మూకలు చంపడాన్ని ఖండిస్తూ ఆమె వ్యాసం రాసింది. ఉద్దేశం మంచిదే. కాని అందులో ఒక మాట పరీక్షించకుండా ఒప్పేసుకుంది. చనిపోయినవాళ్ళు స్త్రీలపై అత్యాచారం చేసినవాళ్ళే అనుకున్నా సరే, మూక న్యాయం తప్పు అన్న ధోరణిలో వాదించింది. ఐడా వెల్స్ అనే నల్లజాతి పాత్రికేయురాలు కొద్దినెలల్లోనే అదే పత్రికలో జవాబు రాసింది. ఆడమ్స్ సద్భావాన్ని గౌరవిస్తూనే, ఆ అనుకున్నా సరే అన్న మాటే తమ ప్రాణాలు తీస్తోందని చెప్పింది. పత్రికల్లో వచ్చిన లెక్కలే తీసి, చంపబడ్డవారిలో అధికభాగం మీద అటువంటి నేరారోపణ కూడా లేదని చూపించింది. రంగులతో పటాలు గీయించిన ఆడమ్స్, ఇంటింటా లెక్కలు తీయించిన ఆడమ్స్, ఈ ఒక్క విషయంలో లెక్క అడగలేదు. లోకం నమ్మినదాన్నే నమ్మింది. ఆ తరవాత చికాగో బడుల్లో నల్లపిల్లల్ని వేరుచేసే ప్రయత్నం జరిగినప్పుడు వెల్స్ ఆమె దగ్గరికే వచ్చింది, ఇద్దరూ కలిసి దాన్ని ఆపారు. 1909లో నల్లజాతివారి హక్కుల జాతీయ సంఘం పుట్టినప్పుడు ఇద్దరి పేర్లూ వున్నాయి. అయినా 1912లో రూజ్‌వెల్టు కొత్త పార్టీ దక్షిణాది నల్లవారి ప్రతినిధుల్ని గెంటేస్తే, ఆమె బాధపడుతూనే ఆ పార్టీలో వుండిపోయి అతడి పేరుని బలపరిచింది. దీన్ని సమర్థించడం నాకు చేతకాదు.

1902 నాటి టైఫాయిడ్ సంగతి కూడా చెప్పాలి. నగర జనాభాలో ముప్పైయారోవంతు వున్న ఆ వార్డులో మొత్తం టైఫాయిడ్ చావుల్లో ఆరోవంతు సంభవించాయి. హల్ హౌస్‌లో వున్న డాక్టరు ఆలిస్ హామిల్టన్ పరిశోధించి, మూతలేని దొడ్లమీది ఈగలే కారణమని తేల్చింది. పెద్ద పేరొచ్చింది, ఆరోగ్యశాఖలో మార్పులూ వచ్చాయి. 1910 నాటి పుస్తకంలో ఆడమ్స్ కూడా ఈగల కథే రాసింది. అసలు నిజం వేరు. నీటి పంపుల దగ్గర గొట్టం పగిలి మూడు రోజులపాటు మురుగునీరు మంచినీటిలో కలిసింది. ఆరోగ్యశాఖ ఆ సంగతి దాచిపెట్టింది. ఇది తెలిసిన తరవాత హామిల్టన్ తన ఆత్మకథలో తన మొదటి కీర్తి తప్పు సిద్ధాంతం మీద నిలిచిందని ఒప్పుకున్నది. పొందిన పేరుని అట్లా తిరిగి ఇచ్చేయడం ఆ ఇంట్లో పెరిగిన అలవాటు.

మొదటి ప్రపంచయుద్ధం ఆమెకి అందరికంటె గట్టి పరీక్ష. 1915 ఏప్రిల్లో హేగ్‌లో జరిగిన స్త్రీల శాంతి మహాసభకి అధ్యక్షత వహించి, ఇరుపక్షాల రాజధానులూ తిరిగి వచ్చింది. జులైలో న్యూయార్కు సభలో మాట్లాడుతూ, బాయినెట్టు దాడికి ముందు సిపాయిలకి మత్తు పట్టిస్తేగాని ముందుకు పోలేకపోతున్నారని ఆయా దేశాల్లో తాము విన్నట్టు చెప్పింది. మామూలు మనిషికి చంపడం సహజం కాదని ఆమె చెప్పదలచింది. పత్రికలు దాన్ని సిపాయిలు పిరికివాళ్ళని అన్నట్టుగా తిప్పేశాయి. నిన్నటిదాకా దేశమాతలా కొలిచినవాళ్ళే దేశద్రోహి అన్నారు. 1917లో అమెరికా యుద్ధంలో దిగాక పాతస్నేహితులు కూడా దూరమయ్యారు. అంతమంది ఒకవైపు వుంటే తానొక్కతే సరైనదని ఎట్లా నమ్మడం అని ఆమె తననే శంకించుకున్న రాత్రులున్నాయి. ఆ శంకని కూడా దాచకుండా రాసుకుంది. ప్రజలతో కలిసి నడవాలన్నదే జీవితసూత్రంగా పెట్టుకున్నవాళ్ళకి ప్రజలకి ఎదురు నిలబడవలసి రావడమంటే ఎంత కష్టమో ఆలోచించండి. అయినా మాట మార్చుకోలేదు. ఆకలిదేశాలకి తిండి పంపే ప్రభుత్వ ప్రచారంలో ఉపన్యాసాలిస్తూ ఆ కాలం గడిపింది.

1923లో లోకయాత్ర చేస్తూ మన దేశానికీ వచ్చింది. గాంధీగారు అప్పుడు ఎరవాడ జైల్లో వున్నారు. ఆమె వేసిన బాట మాత్రం వేరే దారిన ఇక్కడికి చేరింది. హల్ హౌస్‌లో వుండి పనిచేసిన ఎడిత్ అబ్బట్ వంటివారు చికాగో విశ్వవిద్యాలయంలో సాంఘికసేవా విద్యకి రూపం ఇచ్చారు. అదే విశ్వవిద్యాలయంలో చదివిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ బొంబాయి వచ్చి నాగపాడాలో పొరుగువారి కేంద్రం నడిపి, 1936లో టాటాల సోషల్ వర్కు పాఠశాల మొదలైనప్పుడు దాని తొలి డైరెక్టరయ్యాడు. మన దేశంలో ఈ చదువు అక్కడే మొదలైంది.

1931లో ఆమెకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, మరొకరితో కలిపి. బహుమతి ప్రదానం నాటికి ఆమె ఆస్పత్రిలో వుంది. వచ్చిన డబ్బులో ఎక్కువభాగం స్త్రీల శాంతి సంఘానికి ఇచ్చేసింది. 1935 మే 21న చనిపోయింది. హల్ హౌస్‌లో పార్థివదేహాన్ని వుంచితే వేలమంది పేటవాళ్ళు వరసకట్టి వచ్చారు. అప్పటికి పదమూడు భవనాలుగా పెరిగిన ఆ ప్రాంగణంలో చాలాభాగాన్ని 1960లలో విశ్వవిద్యాలయం కట్టడానికి పడగొట్టారు. పాత బంగళా మ్యూజియంగా మిగిలింది. ఆమె పేరుతో సేవలు నడిపిన సంఘం డబ్బులు లేక 2012లో మూతపడింది.

పుట్టిన ఊరు సీడర్‌విల్‌లో తల్లిదండ్రుల దగ్గరే ఆమెని సమాధి చేశారు. ఆ రాతిమీద నోబెల్ బహుమతి ప్రసక్తి లేదు. ఆమె పేరూ, హల్ హౌస్ పేరూ, ఆ శాంతి సంఘం పేరూ మాత్రం చెక్కి వున్నాయి.